మూగబోయిన మురళికి మళ్లీ ఊపిరి

ఇల్లు మారేటప్పుడో, సంక్రాంతికి అటక దులిపేటప్పుడో పాత ట్రంకు పెట్టెలోంచి ఓ వేణువు బయటపడుతుంది. తాతయ్యదో, పెళ్లికి ముందు అత్తయ్య నేర్చుకున్నదో! అందరూ చుట్టూ చేరతారు. ఎవరో ఒకరు గబగబా తుడిచి పెదవుల దగ్గర పెట్టేసుకుంటారు. గాలి తప్ప నాదం రాదు. 'ఇక దీని పని అయిపోయింది' అని తేల్చేస్తారు. లేదంటే కుళాయి కింద కడిగి, దోసెడు కొబ్బరినూనె పోసి, మిట్టమధ్యాహ్నం ఎండలో పెడతారు. అన్నేళ్లూ పెట్టెలో పడున్నా పాడవని వేణువు ఆ ఒక్క పూటలో నిజంగానే పాడైపోతుంది!

పాత వేణువుకి వయసుకన్నా తొందరే పెద్ద శత్రువు. ఓ పదిహేను, ఇరవై రోజులు ఓపిక పడితే చాలా వేణువులు మళ్లీ పలుకుతాయి. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కాసింత నూలుగుడ్డ, నాలుగు చుక్కల నూనె, ఓ దారపు ఉండ, వీటన్నిటికీ మించి ఏం చేయకూడదో తెలిసి ఉండటం... ఇంతే కావాల్సింది.

కొత్తది కొనుక్కుంటే పోదా?

చాలామంది అనే మాటే ఇది. నిజమే, కొత్త వేణువు తేలిగ్గానే దొరుకుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని పీలీభీత్ పట్టణానికి వేణువుల తయారీతోనే పేరొచ్చింది. అక్కడి ఇళ్లలో తయారైన వేణువులు అస్సాం వెదురుతో రూపం పోసుకుని దేశమంతా తిరుగుతాయి. కానీ కొత్తది పాతదానికి బదులు కాలేదు. ఎందుకంటే, వెదురు గొట్టం అచ్చులో పోసి తీసింది కాదు. ఒకదాని లోపలి వెడల్పు ఇంకోదానికి ఉండదు, గోడ మందం కూడా అంతే. అందుకే పనితెలిసినవాళ్లు కాల్చిన ఇనుపచువ్వతో ముందు చిన్న రంధ్రం పెట్టి, ఊది చూసి, శ్రుతి కుదిరేదాకా కొద్దికొద్దిగా పెద్దది చేస్తారు. రంధ్రం ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో ఆ గొట్టమే చెప్పాలి. అలా ఓ గొట్టానికి కుదిరిన లెక్క మరోదానికి పనికిరాదు. తాతయ్య వేణువుకి జోడీ అనేది లోకంలో ఎక్కడా ఉండదన్నమాట!

మన సంగీతంలో ఈ చిన్న వెదురుముక్క ఎక్కిన మెట్లూ తక్కువేం కాదు. కుంభకోణానికి చెందిన శరభశాస్త్రి (1872-1904) చూపు లేకపోయినా కర్ణాటక సంగీత కచేరీలో వేణువుకి సొంత స్థానం తెచ్చారు. 'మాలి'గా అందరికీ తెలిసిన టి.ఆర్‌.మహాలింగం (1926-1986) గాత్రంలోని గమకాలన్నిటినీ వేణువు మీద పలికించి దాని దారినే మార్చేశారు. ఉత్తరాదిన పన్నాలాల్ ఘోష్ (1911-1960) పొడవాటి వేణువుని తయారుచేయించుకుని హిందుస్థానీ కచేరీ వేదిక ఎక్కించారు. వీళ్ల కచేరీలు రేడియోలో విని వేణువు కొనుక్కుని సాధన మొదలుపెట్టినవాళ్లు ఎందరో. ఇవాళ అటకల మీద దొరుకుతున్నవాటిలో అలాంటి సాధకులవీ ఉంటాయి.

ఊదకండి... ముందు చూడండి!

పాత వేణువు కనపడగానే నోట్లో పెట్టుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. లోపల ఎన్నో ఏళ్ల నాటి ఉమ్మి మరకలు, దుమ్ము, జిగురుగా మారిన నూనె, వాటి మీద పెరిగిన బూజు ఉంటాయి. ఊదేవాళ్లు ఊపిరి తీసుకునేది ఆ రంధ్రానికి అంగుళం దూరంలోనే.

ఇది మరీ భయపెట్టడం అనుకుంటే ఓ ఉదాహరణ చూడాలి. ఇంగ్లండులో 61 ఏళ్ల వ్యక్తి ఒకరు రోజూ బ్యాగ్‌పైప్ వాయించేవారు. పొడిదగ్గు, ఆయాసం ఏళ్ల తరబడి వదల్లేదు. వాద్యాన్ని ఇంట్లోనే వదిలేసి మూడు నెలలు ఆస్ట్రేలియా వెళ్తే ఆయాసం తగ్గింది. తిరిగొచ్చి వాయించడం మొదలుపెట్టగానే మళ్లీ ముదిరింది. అప్పుడు డాక్టర్లకి అనుమానమొచ్చి వాద్యం లోపలి భాగాల్ని పరీక్షిస్తే రకరకాల బూజు జాతులు బయటపడ్డాయి. ఆయన 2014లో చనిపోయారు. ఈ సంగతి 2016లో 'థొరాక్స్' అనే వైద్య పత్రికలో వచ్చింది. తేమను పట్టి ఉంచే తోలుసంచీ ఉన్న బ్యాగ్‌పైప్‌తో పోలిస్తే, రెండువైపులా గాలాడే వేణువుతో అంత ప్రమాదం ఉండదు. అయినా ఆస్తమా, అలర్జీ ఉన్నవాళ్లూ చిన్నపిల్లలూ ఉన్న ఇంట్లో ఆ జాగ్రత్త తప్పనిసరి.

కాబట్టి మొదటి రోజు కళ్లకే పని. గదిలో దీపాలు ఆర్పి, వేణువు తెరిచి ఉన్న కొసలోంచి సెల్‌ఫోను టార్చి వేయండి. రంధ్రాల్లోంచి కాకుండా ఇంకెక్కడైనా సన్నటి గీతలా వెలుతురు కనిపిస్తే అక్కడ బీట ఉన్నట్టు. లోపల నల్లటి, పచ్చటి మచ్చలుంటే బూజు. ముక్కు దగ్గర పెట్టకుండానే ముక్కవాసన తగిలితే పాత నూనె కుళ్లినట్టు. తెల్లకాగితం మీద వేణువుని మెల్లగా తట్టినప్పుడు గోధుమపిండిలాంటి సన్నటి పొడి రాలిందా? ఎక్కడో గుండుసూది మొనంత బెజ్జం ఉండే ఉంటుంది. అది పుచ్చు పురుగు పని.

అసలు అది ఏ రకం వేణువో కూడా అప్పుడే చూసుకోవాలి. ఊదే రంధ్రం కాక ఎనిమిది రంధ్రాలుంటే కర్ణాటక వేణువు. ఆరు గానీ ఏడు గానీ ఉంటే హిందుస్థానీ బాణీది. పొట్టిగా ఉంటే పైస్థాయి శ్రుతి, పొడుగ్గా ఉంటే కిందిస్థాయి. తిరునాళ్లలో కొన్న రంగుల వేణువైతే పైన పూసిన రంగు, వార్నిషు సంగతి గుర్తుపెట్టుకోవాలి. వీటన్నిటినీ ఓ నాలుగు ఫొటోలు తీసి ఉంచుకుంటే తర్వాత ఎవరికైనా చూపించడానికి పనికొస్తాయి.

వెదురుకి దాహం, వేణువుకి బీట

వరి, చెరకు, రెల్లు... వెదురూ ఆ కుటుంబానిదే. అంటే అది చెట్టు కాదు, గడ్డి. దాని నారలన్నీ కొస నుంచి కొసకి నిలువుగా ఉంటాయి. ఆ నారల్ని పక్కపక్కన పట్టి ఉంచే బలం మాత్రం తక్కువ. అందుకే వెదురు ఎప్పుడు పగిలినా పొడవునే చీలుతుంది.

గాలిలో తేమ ఎక్కువైతే వెదురు కాస్త ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. ఇది మెల్లగా జరిగితే ఇబ్బంది లేదు. ఒక్కసారిగా జరిగితేనే ముప్పు. ఎండిపోయిన పాత వేణువుని పావుగంట ఆపకుండా ఊదితే ఏమవుతుంది? మన ఊపిరి నిండా తేమే కాబట్టి లోపలి గోడ తడిసి ఉబ్బుతుంది. బయటి గోడ మాత్రం పొడిగానే ఉంటుంది. ఆ లాగుడికి తట్టుకోలేక టప్పున బీటవారుతుంది. కుళాయి నీళ్లు, ఆ తర్వాత ఎండ... ఇదే పని ఇంకా వేగంగా చేస్తాయి. వడగాలులు వీచే రోజుల్లో, ఏసీ గదిలో, కారు వెనక సీటు మీద వేణువులు పగిలేదీ ఇందుకే. ఇక్కడి నుంచి అమెరికా వెళ్లిన వేణువులకి అక్కడి చలికాలం పెద్ద పరీక్ష. బయట చలి, ఇంట్లో హీటరు... గదిలో గాలి బాగా పొడిబారిపోతుంది. ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లయితే వెదురు వస్తువు తెస్తున్నామని విమానాశ్రయంలో తప్పనిసరిగా చెప్పాలి. పురుగు ఆనవాలు కనిపిస్తే అక్కడి అధికారులు లోపలికి వదలరు.

తేమతో వచ్చే ఈ బాధ పడలేకే పారిస్‌కి చెందిన క్లాడ్ లారాన్ ఏకంగా గాజుతో ఫ్లూటు చేసి 1806లో పేటెంటు తీసుకున్నాడు. 1813లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ కోసం ఆయన చేసిన గాజు ఫ్లూటు ఇప్పటికీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. 2022 సెప్టెంబరులో గాయని లిజో దాన్ని ఓ కచేరీ వేదిక మీద పలికించింది కూడా. వాతావరణం మారినా గాజు ఉబ్బదు, కుంగదు. వెదురుకి ఆ సుఖం లేదు. అందుకే దాన్ని మనమే చూసుకోవాలి.

పెట్టెలోంచి తీసిన వేణువుని మొదట ఎండ తగలని, ఫ్యాను గాలి నేరుగా రాని చోట నాలుగైదు రోజులు ఊరికే ఉంచండి. గది వాతావరణానికి అలవాటు పడనివ్వండి. ఇంతకన్నా తేలికైన పని ఇంకోటి లేదు. చాలామంది దాటేసేదీ ఇదే!

పురుగు ఉంటే... చలిమంత్రం

వెదురులోని పిండిపదార్థం కోసమే పుచ్చు పురుగు వస్తుంది. పొడి రాలుతుంటే ఆ వేణువుని వెంటనే మిగతా వాద్యాలకీ, చెక్క సామానుకీ దూరంగా పెట్టాలి. పురుగుమందు కొట్టడం, కలరా ఉండల మధ్య మూటకట్టడం వద్దేవద్దు. రేపు నోటికి తగిలేది అదే!

మ్యూజియాల వాళ్లు పుస్తకాలకీ చెక్కబొమ్మలకీ వాడే చలి పద్ధతి పొట్టి వేణువులకీ పనికొస్తుంది. వేణువుని పాలిథిన్ సంచిలో పెట్టి, లోపలి గాలి నొక్కి తీసేసి, గట్టిగా మూతి అంటించాలి. మైనస్ 18 డిగ్రీల దాకా చల్లబడే ఫ్రీజరులో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు. ఒక రోజంతా అలాగే వదిలేస్తే చెమ్మ సంచి పైనే పడుతుంది, వెదురు మీద పడదు. బీటలున్నవాటికీ, లక్క, వార్నిషు పూతలున్నవాటికీ మాత్రం ఈ చలి పడకపోవచ్చు. అలాంటివి పనితెలిసినవాళ్లకి చూపించడమే మంచిది.

స్నానం కాదు... తుడుపే!

శుభ్రం చేసే పని ఆరుబయట గానీ బాల్కనీలో గానీ పెట్టుకోవాలి. ముక్కుకి మాస్కు కట్టుకోవాలి. ఇంట్లో కూర్చుని దులిపితే బూజంతా గది నిండా పరుచుకుంటుంది.

ముందు పైభాగం పొడిగుడ్డతో తుడవండి. పాత పంచె ముక్కంత మెత్తటి గుడ్డ ఉండదు. తర్వాత లోపలికి. వేణువు కంటే పొడవైన సన్నటి కర్ర తీసుకుని, కొసకి గుడ్డపేలిక గట్టిగా కట్టాలి. అది లోపల ఊడిపోయిందంటే తీయడం నరకం! అందుకే పేలికకి ఓ దారం కట్టి, దాని కొసని బయటే ఉంచుకోవాలి. గుడ్డ వదులుగా తిరగాలి. బిరడాలా బిగిస్తే పాత వెదురు విచ్చుకుపోతుంది. కర్ర కొస లోపలి కణుపుని పొడవకుండా చూసుకోవాలి.

పొడిగా రెండు మూడుసార్లు తుడిచాక గుడ్డని గోరువెచ్చటి నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి తుడవాలి. గుడ్డ మారుస్తూ, మురికి రావడం తగ్గేదాకా చేయొచ్చు. అయితే అంతా ఒకేరోజు కాదు. ఇవాళ కొంచెం, ఎల్లుండి కొంచెం. ప్రతిసారీ నీడలో ఆరబెట్టాలి. బూజు మచ్చలున్నచోట మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో గుడ్డని కాస్త తడిపి తుడవొచ్చు. ఇది త్వరగా ఆరిపోతుంది, నీళ్లలా వెదురుని నానబెట్టదు. పొయ్యికీ దీపానికీ దూరంగా ఉండాలి. స్పిరిట్ లక్క పూతల్నీ రంగుల్నీ కరిగించేస్తుంది కాబట్టి ముందు కనపడని మూల రవ్వంత రాసి చూడాలి. మచ్చ రంగు పూర్తిగా పోవాలనేం లేదు. చేతికి అంటకుండా, వాసన లేకుండా ఉంటే చాలు.

సబ్బు నీళ్లు, బ్లీచింగు, ఫినాయిలు, వేడినీళ్లు... వీటి జోలికి వెళ్లొద్దు.

ఆ ఒక్క అంచు ముట్టుకోవద్దు!

వేణువులో ప్రాణమంతా ఊదే రంధ్రం అంచులో ఉంది. మనం ఊదిన గాలి సన్నటి పాయలా వెళ్లి రంధ్రానికి అవతలి అంచుని తాకుతుంది. తాకి, లోపలికీ బయటికీ క్షణానికి కొన్ని వందలసార్లు ఊగుతుంది. ఆ ఊగిసలాటే గొట్టంలోని గాలిని కదిలించి నాదం పుట్టిస్తుంది. అంచు పదునుగా ఉంటేనే ఇది కుదిరేది. గరుకు కాగితంతో రుద్ది 'నున్నగా' చేశామని మురిసిపోతే అంచు గుండ్రంగా అరిగిపోతుంది. ఇక ఎంత ఊదినా 'హుస్సు'మనే గాలిచప్పుడే మిగులుతుంది. దాన్ని తిరిగి తేవడం ఎవరివల్లా కాదు.

అంచు మీద గట్టిపడిన మురికి ఉంటే చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లని తడిపి, ఒకటికి రెండుసార్లు మెల్లగా అద్ది తీయాలి. గోరు, బ్లేడు, సూది పెట్టి గీకకూడదు. వేళ్ల రంధ్రాలకీ ఇదే సూత్రం. రంధ్రం ఏమాత్రం పెద్దదైనా స్వరం పైకి జరుగుతుంది. ఒకసారి పెద్దదైన రంధ్రం మళ్లీ చిన్నదవదు.

బీటలకి దారం కట్టు

శుభ్రం అయింది, ఆరింది. ఇప్పుడు బీటల సంగతి. నూనె రాయకముందే ఈ పని ముగించాలి. నూనె పట్టిన వెదురుకి జిగురు అంటదు.

వేణువు పలకకపోవడానికి చాలాసార్లు కారణం వెంట్రుకవాసి బీటే. దానిలోంచి గాలి జారిపోతుంటే ముందుగా కిందిస్థాయి స్వరాలు మాయమవుతాయి. అన్ని రంధ్రాలూ మూసినప్పుడు వేణువు పలకనే పలకదు. ఇలాంటి సన్నటి బీటకి తేనెమైనం వేళ్లతో మెత్తగా చేసి అద్దితే చాలు. మైనంతో ఉన్న సుగుణం ఏంటంటే... నచ్చకపోతే తీసేయొచ్చు. సూపర్ గ్లూ గట్టిగా పట్టుకుంటుంది గానీ మళ్లీ ఊడిరాదు. అది వాడాల్సివస్తే గుండుసూది మొనతో చుక్కచుక్కగా పెట్టాలి, లోపలికి కారనివ్వకూడదు. పాత వస్తువుల్ని బాగుచేసేవాళ్లంతా పాటించే నియమం ఒకటుంది: మనం చేసిన మరమ్మతుని రేపు ఇంకొకరు విప్పి, ఇంతకన్నా బాగా చేసే వీలుండాలి.

బీట పొడవుగా ఉంటే దారం కట్టు వేయాలి. గట్టి నైలాను దారం గానీ పట్టుదారం గానీ తీసుకోండి. దారం మొదటి కొసని ఉచ్చులా మడిచి వేణువు మీద పడుకోబెట్టండి. దాని మీదుగా సందు లేకుండా పక్కపక్కనే ఓ పది, పన్నెండు చుట్లు బిగుతుగా వేయండి. చివరి కొసని ఉచ్చులో దూర్చి, మొదటి కొసని లాగితే ముడి చుట్ల కిందికి వెళ్లిపోతుంది. మిగిలిన దారం కత్తిరించేయడమే. బీట పొడవునా ఇలాంటి కట్లు రెండు మూడు వేస్తే అది ముందుకు పాకదు. విచ్చుకున్న బీటని దారంతో బలవంతంగా మూయాలని చూస్తే మాత్రం ఎదురువైపు కొత్తది పుడుతుంది. వేణువుకి పాత కట్లు ఉంటే తొందరపడి విప్పొద్దు. అన్నేళ్లూ దాన్ని ఒక్కటిగా పట్టి ఉంచింది అవే!

బీట ఊదే రంధ్రం మీదుగా వెళ్తున్నా, అందులో గోరు దూరేంత వెడల్పున్నా ఇంటివైద్యం ఆపేసి వేణువులు చేసేవారి దగ్గరికి తీసుకెళ్లాలి.

నూనె ఎంత? వేలికి అంటినంత!

మరమ్మతు ఆరాక నూనె. వెదురు మరీ త్వరగా తేమ పీల్చకుండా, వదలకుండా ఆపడమే దీని పని. బాదం నూనె, ఆవనూనె, కొబ్బరినూనె... మన దేశంలో వేణువు వాయించేవాళ్లు ఎక్కువగా వాడేవి ఇవే. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది కాబట్టి చలికాలంలో కాస్త ఇబ్బంది. గింజల అలర్జీ ఉన్నవాళ్లు బాదం నూనె జోలికి వెళ్లకూడదు. వంటింట్లోని పొద్దుతిరుగుడు నూనె కొన్నాళ్లకి జిగటగా మారుతుంది. అవిసెనూనె అయితే ఆరి పొరలా గట్టిపడుతుంది. దాంతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ నూనె పీల్చిన గుడ్డని ఉండచుట్టి పారేస్తే తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది.

మెత్తటి గుడ్డకి నాలుగైదు చుక్కలు అద్ది, లోపలా బయటా పల్చగా రాయాలి. ఓ రాత్రంతా వదిలేసి, పొద్దున్నే మిగిలిన నూనెనంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. ఊదే రంధ్రం అంచున, వేళ్ల రంధ్రాల్లో నూనె నిలవకూడదు. నూనె ఎక్కువైతే దుమ్ము పడుతుంది, దుమ్ము మీద బూజు పెరుగుతుంది... కథ మళ్లీ మొదటికే! బాగా ఎండిపోయిన వేణువుకి వారం ఆగి మరోసారి రాయొచ్చు. ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి చాలు.

పలికించే వేళ

ఇప్పుడు ఊదొచ్చు. మొదటి రోజు అయిదు నిమిషాలే. వారమంతా అంతే. తర్వాత మెల్లగా పెంచుకుంటూ వెళ్లాలి. ఊదిన ప్రతిసారీ లోపలి చెమ్మని గుడ్డతో తుడిచి, కాసేపు గాలికి వదిలి, అప్పుడు సంచిలో పెట్టాలి.

శ్రుతి చూడాలంటే కర్ణాటక వేణువులో మొదటి రెండు రంధ్రాలు మూసి ఊదితే షడ్జమం. హిందుస్థానీ వేణువులో మొదటి మూడు మూయాలి. ఫోనులోని శ్రుతి యాప్‌తో పోల్చి చూసుకోవచ్చు. కొంచెం తేడా వచ్చిందని కంగారుపడక్కర్లేదు. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, వేణువు స్థాయీ పైకి వెళ్తుంది. గొట్టంలోని గాలి 20 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకి వేడెక్కిందంటే ఒక స్వరస్థానంలో దాదాపు సగం దూరం జరుగుతుంది. ఏసీ గదిలో తగ్గినట్టు అనిపించిన శ్రుతి వరండాలోకి రాగానే సరిపోవచ్చు. నిజంగానే ఒక స్వరం ఎక్కువ పలుకుతుంటే ఆ రంధ్రం లోపలి అంచున రవ్వంత మైనం పెడితే కిందికి దిగుతుంది.

చెక్క ఫ్లూటు దొరికితే...

కొన్ని ఇళ్లలో తాతల నాటి విదేశీ చెక్క ఫ్లూటు కూడా ఉంటుంది. రెండు మూడు ముక్కలుగా విడిపోయి, లోహపు మీటలతో ఉండేది. 1847లో జర్మనీకి చెందిన థియోబాల్డ్ బోమ్ లోహపు గొట్టంతో కొత్త ఫ్లూటుని రూపొందించాక అవి నెమ్మదిగా వెనకబడ్డాయి. తేలిక రంగు బాక్స్‌వుడ్, నల్లటి ఆఫ్రికా కర్ర లాంటి గట్టి చెక్కలతో వాటిని చేసేవారు. తుడుపు, నూనె, మెల్లగా ఊదడం... ఈ మూడు నియమాలూ వాటికీ అవే. తేడాలూ ఉన్నాయి. మీటల కింది మెత్తల మీద నూనె పడకూడదు. ముక్కలు కలిసేచోట ఉన్న కార్కు, దారం ఎండిపోయి ఉంటాయి కాబట్టి బలంగా తిప్పి ఊడదీయకూడదు. అన్నీ బాగున్నా హార్మోనియంతో కలవకపోతే తప్పు ఫ్లూటుది కాకపోవచ్చు. 'ఎ' స్వరానికి 440 ప్రకంపనలన్న అంతర్జాతీయ ప్రమాణం కుదిరింది 1939లోనే. అంతకుముందు చేసినవి వేరే శ్రుతిలో ఉండొచ్చు. వాటిని 'సరిచేయాలని' రంధ్రాలు చెక్కితే మంచి వస్తువు రెంటికీ చెడుతుంది.

అన్నీ పలకాల్సిందేనా?

చైనాలోని జియాహూ తవ్వకాల్లో కొంగ ఎముకలతో చేసిన, దాదాపు 9000 ఏళ్ల నాటి ఫ్లూట్లు దొరికాయి. వాటిలో చెక్కుచెదరని ఒకదాన్ని పలికించి చూశామని 1999లో శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ప్రకటించారు. అన్ని వేల ఏళ్ల తర్వాత కూడా అది పలికింది. అంతమాత్రాన ప్రతి పాత వేణువునీ పలికించి తీరాలనేం లేదు. పురుగు గుల్లచేసిన వేణువు, నిలువునా రెండుగా విచ్చుకున్న వేణువు, పేరున్న విద్వాంసుల చేతుల్లోంచి వచ్చిన వేణువు... వీటిని శుభ్రం చేసి, ఎండ పడని అలమరలో భద్రంగా పెట్టుకోవడమే మేలు. దాని పక్కన ఎవరిది, ఎప్పటిది, ఏ ఊళ్లో కొన్నది అన్న వివరాలు ఓ చీటీ మీద రాసిపెడితే ఇంకా మంచిది. ఆ సంగతులు తెలిసిన పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి మరి!

పలికే వేణువైతే మాత్రం మళ్లీ పెట్టెలో పెట్టేయకండి. బిగుతైన ప్లాస్టిక్ కవరులో కాకుండా నూలుగుడ్డ సంచిలో, చేతికందే చోట ఉంచండి. వేసవిలో ఆ సంచి పక్కనే మూత వదులుగా ఉన్న చిన్న డబ్బాలో తడిపి పిండిన స్పాంజి ముక్క పెడితే వెదురు మరీ ఎండిపోదు. అది వేణువుకి తగలకుండా, రెండు రోజులకోసారి కడిగి మార్చాలి. పిల్లలకి వేసవి సెలవుల్లో ఏం నేర్పించాలా అని చూస్తుంటే ఇంట్లోనే ఓ వాద్యం సిద్ధంగా ఉన్నట్టే. నేర్చుకోవడానికి మాత్రం ముందు కొత్త, మామూలు వేణువు ఇప్పించి, వేళ్లు కుదిరాక తాతయ్యది చేతికివ్వండి. రోజూ కాసేపు ఊపిరి తగిలి, ఆ తర్వాత ఓ తుడుపు పడే వేణువులో బూజు పెరగదు. బీట వచ్చినా మర్నాటికల్లా తెలిసిపోతుంది!